మూడో మెట్టు

ఇంటి వెనక గది
జూన్ 4

చి. మనవరాలికి,

ఈ రోజు జూన్ నాలుగు. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మీ అమ్మ వచ్చి నీ కొత్త ఉద్యోగం సంగతి చెప్పింది. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీ అట. మూడు నెలలు పరీక్షగా చూసి, నచ్చితే ఉంచుకుంటారట. మొదటి పుస్తకం ఇంగ్లీషు జీవశాస్త్రమట. మీ అమ్మ చెప్పేవాటిలో సగం "అట"లే కాబట్టి తప్పులుంటే దిద్దు.

నువ్వు నాకు చివరిసారి రాసి పదకొండేళ్ళ రెండు నెలలయింది. అది పుట్టినరోజు కార్డు. అందులో నీ చేతిరాత సంతకం వరకే. ఇది ఫిర్యాదు కాదు, లెక్క.

ఆడపిల్లల బడిలో ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని కనక, జీవశాస్త్రం అనగానే నాకు ముందు కనపడేవి కప్పలూ ఆకులూ కాదు, పొడుగు మాటలు. మన భాషలో అక్షరాలన్నీ దాదాపు ఒకే అడుగుతో నడుస్తాయి. ఇంగ్లీషు మాట అలా కాదు. అందులో ఒక్క ముక్క కుర్చీలో కూర్చుంటుంది, మిగిలినవి నేల మీద కూర్చుంటాయి. అన్నిటికీ కుర్చీలు వేశావంటే వినేవాడికి మాట అందదు. కళ్ళున్నవాడు పేజీ చూసి సర్దుకుంటాడు. నీ విద్యార్థులకు ఆ వీలు లేదు. వాళ్ళకి నీ గొంతే పేజీ.

అందుకని పాత పద్ధతి గుర్తు చేస్తున్నాను. మొదటి మెట్టు: పెన్సిలుతో నిలువు గీతలు గీసి మాటను ముక్కలు చెయ్యి. రెండో మెట్టు: మాట పైకి చదువుతూ, బరువు పడే ముక్క దగ్గర వేలి కణుపుతో బల్ల మీద ఒక్క దెబ్బ తట్టు. "ఫోటోసింథసిస్" అయిదు ముక్కలు, దెబ్బ మూడోదాని మీద. "క్లాసిఫికేషన్" అయిదు ముక్కలు, దెబ్బ నాలుగోదాని మీద. మిగతాది నీకు తెలిసిందే.

ఫోను చెయ్యకు. ఫోనులో అన్న మాటకి దాఖలా ఉండదు. రాయి.

అమ్మమ్మ


అద్దె గది, మూడో అంతస్తు
జూన్ 16

అమ్మమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. అమ్మ చెప్పిన "అట"లన్నీ నిజమే. ఉద్యోగంలో చేరాను. గది బాగుంది, కిటికీ ఉంది. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. మీ సలహాలకు కృతజ్ఞతలు. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
మీ మనవరాలు


ఇంటి వెనక గది
జూన్ 24

చి. మనవరాలికి,

నీ ఉత్తరంలో పది వాక్యాలున్నాయి. అయిదు మర్యాదకి, ఒకటి కిటికీకి, ఒకటి ఎండలకి పోయాయి. పని గురించి రాసింది "చేరాను" అన్న ఒక్క మాట.

ఇంకొకటి. చిన్నప్పుడు నన్ను "నువ్వు" అనేదానివి. "అమ్మమ్మా, నువ్వు జరుగు, దారిలో నిలబడకు" అని నన్ను తోసుకుంటూ వెళ్ళేదానివి. ఈ "మీరు" ఎప్పుడు మొదలైందో నా దగ్గర నమోదు కాలేదు.

సరే, ఈసారి చివరలు చూడు. చివర "షన్" వస్తే బరువు దాని ముందు ముక్క మీద పడుతుంది. "ఇక్", "ఇటీ" వచ్చినా అంతే. "ఎలక్ట్రిక్" అన్నప్పుడు బరువు "లెక్" మీద. అదే "ఎలక్ట్రిసిటీ" అనగానే "లెక్" కుర్చీ ఖాళీ చేసి "ట్రి"కి ఇచ్చేస్తుంది. మాట పెరిగిన కొద్దీ బరువు జరుగుతుంది. బడిలో పిల్లలకి దీన్ని అర్థం చేయించడానికి నిజంగానే అయిదు కుర్చీలు వేసి అయిదుగురిని కూర్చోబెట్టి లేపేదాన్ని. హెడ్‌మిస్ట్రెస్ ఒకరోజు తొంగి చూసి, "ఏమిటి టీచర్‌గారూ, క్లాసా, కచేరీనా?" అంది. "ఎలక్ట్రిసిటీ అండీ" అన్నాను. ఆవిడ పైకి ఫ్యాను వంక చూసి వెళ్ళిపోయింది.

నిన్ను ఇబ్బంది పెడుతున్న మాటలు జాబితా రాసి పంపు. ఊరికే మంచిగా ఉన్నానని రాయకు.

అమ్మమ్మ


రికార్డింగు గది, భోజన విరామం
జులై 20

అమ్మమ్మగారికి,

ఆ హెడ్‌మిస్ట్రెస్ సంగతి చదివి పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. అందుకే ఈసారి సరిగ్గా రాస్తున్నాను.

నేను పనిచేసే గది బీరువాకి అన్నయ్యలా ఉంటుంది. గోడలకి నల్లటి స్పాంజి. ఒక బల్ల, దాని మీద ఒక స్టాండు, స్టాండుకి మైకు. చదివేటప్పుడు ఫ్యాను వేయకూడదు, కుర్చీ కదపకూడదు. నాకు చెమట పట్టే చప్పుడు కూడా పడుతుందేమోనని భయం. మా సౌండాయన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని నెల్లాళ్ళ నుంచి రావడం లేదు. మీట నొక్కడం, ఆపడం నేనే చేసుకుంటున్నాను. ఇన్‌చార్జి మేడం ప్రతి పాఠంలో మొదటి రెండు నిమిషాలు విని "బాగుంది, కానీ" అంటారు. "కానీ" అంటే కొనసాగించమని. మొదట్లో ఏదో లోపం చెప్పబోతున్నారనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయేదాన్ని.

పూర్తిగా వినేది ఒక్క చెవులక్క. ఆవిడ అసలు పేరుతో ఎవరూ పిలవరు. పుట్టుకతో చూపు లేదు. ఇక్కడ తయారైన ప్రతి పుస్తకం మొదటి నుంచి చివరి దాకా విని, తప్పులు పట్టి, విద్యార్థులకి పంపడమే ఆవిడ ఉద్యోగం. నడవాలో ఎవరు వస్తున్నా చెప్పుల చప్పుడు బట్టి చెప్పేస్తుంది. ఇప్పుడు చరిత్ర పుస్తకం వింటోంది. నెలాఖరుకి నాది మొదలుపెడుతుంది. విద్యార్థుల పరీక్షలు అక్టోబరులో.

నాది పుస్తకం మొత్తం అయిపోయింది. ఇరవై రెండు గంటలు! మీకు చెప్పాలి, మీరు నేర్పిన వేలు లేకపోతే ఒక్క పేజీ దాటేదాన్ని కాదు. మాట వస్తుంటే వేలు దానంతటదే లేస్తోంది. పదమూడేళ్ళయినా మరిచిపోలేదు.

"కెరక్టరిస్టిక్"లో బరువు నాలుగో ముక్క మీదే కదా?

మీ మనవరాలు


ఇంటి వెనక గది
జులై 29

మనవరాలికి,

నాలుగో ముక్క మీదే. అది అలా ఉంచు.

వేలు లేస్తోందని రాశావు. ఎక్కడ తడుతున్నావు? మైకు ఉన్న ఆ బల్ల మీదేనా? చదువుతూ ఉండగానా?

ఈ ఉత్తరం అందగానే ఏదో ఒక పాఠం మధ్యలో నుంచి విను. మొదటి రెండు నిమిషాలు కాదు. మధ్యలో నుంచి.

అమ్మమ్మ


అద్దె గది
ఆగస్టు 1

అమ్మమ్మగారికి,

నిన్న చెవులక్క నా పుస్తకం మొదలుపెట్టింది. పది నిమిషాల తర్వాత చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, అందరూ వినేలా అంది: "ఈ అమ్మాయి పాఠం చదువుతోందా, తలుపు కొడుతోందా? ఎవరైనా తీసి లోపలికి రానివ్వండమ్మా, పాపం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా గురించని తెలియక. తర్వాత నాకు వినిపించారు. ప్రతి పొడుగు మాటకీ ఒక టక్కు. బల్ల మీద తడితే స్టాండులోంచి మైకులోకి ఎక్కిపోయింది. పాఠం మొదట్లో చిన్న చిన్న మాటలే ఉంటాయి కాబట్టి మేడం విన్న రెండు నిమిషాల్లో పెద్దగా పట్టుబడలేదు. మధ్యలోకి వెళితే వడ్రంగి దుకాణంలో కూర్చుని చదివినట్టుంది. వినే పిల్లలకి మాట కంటే ముందు ఆ టక్కే వినపడుతుందట. పనికిరాదు. ఇరవై రెండు గంటలూ పనికిరావు.

మేడం అరవలేదు. అరిస్తే బాగుండేది. "సెప్టెంబరు అయిదుకి నీ మూడు నెలలు. ఆలోగా మళ్ళీ చదివితే సరే. లేకపోతే వేరే ఆమెకి ఇస్తాను. పిల్లల పరీక్ష నీ కోసం ఆగదు కదమ్మా" అన్నారు.

ఈ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని చదివాను. వేలు లేకపోయేసరికి ముక్కలన్నీ ఒకే ఎత్తున వస్తున్నాయి. అన్నిటికీ కుర్చీలే. చెవులక్క విని, "టక్కు పోయింది, మాటా పోయింది" అంది. నాకు ఇదొక్కటే వచ్చు. మీరు నేర్పింది ఇదొక్కటే.

ఇంతవరకూ రాశాక మిగతాది ఎందుకు దాచుకోవాలి? పదమూడేళ్ళ కిందట, నాకు పదకొండేళ్ళప్పుడు, పాఠం అయ్యాక మీరు వంటింట్లో అమ్మతో అన్నారు: "దీనికి చెవీ మొద్దే, నాలుకా మొద్దే. దీని మీద పెట్టిన టైము పక్కింటి పిల్ల మీద పెట్టినా ఈపాటికి వచ్చేది." నేను మంచినీళ్ళ కోసం వచ్చి గుమ్మం దగ్గర ఉన్నాను. మర్నాటి నుంచి అందుకే రాలేదు. అమ్మకి కడుపునొప్పి అని చెప్పాను. తర్వాత బద్ధకం అని తిట్టింది, పడ్డాను.

ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు నా మనసులో ఏముందో తెలుసా? మొద్దు నాలుక చదివిన పుస్తకం వందమంది వింటారు అని. మొత్తానికి మీరన్నదే నిజమైంది.

మనవరాలు


ఇంటి వెనక గది
ఆగస్టు 8

మనవరాలికి,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో దాటుకున్నాయి.

ముందు పని. మిగతా విషయం మీద ఇప్పుడు రాయను. రాయననుకోకు.

పద్ధతికి మూడో మెట్టు ఉంది. వేలు చేసే పని గొంతుకి అప్పగించడం. బరువు పడే ముక్క దగ్గర గట్టిగా అరవనక్కర్లేదు. మూడు పనులు చాలు: కొంచెం సాగదియ్యి, కొంచెం పైకి ఎత్తు, ముందూ వెనకా ఉన్న ముక్కల్ని తొందరగా దాటెయ్యి. వేలు ఒక్క చోటే దిగేది. గొంతు కూడా ఒక్క చోటే ఆగాలి.

వేలు మాట వినదు, దానికి అలవాటు. దాన్ని ఇలా మానిపించాలి. బాగా పండిన అరటిపండు ఒకటి తొక్కతో సహా తట్టే చేతిలో పట్టుకో. చెయ్యి బల్లకి దూరంగా, ఒళ్ళో ఉండాలి. అలా పట్టుకుని చదువు. వేలు బిగిస్తే పండు నలుగుతుంది, నీకే తెలుస్తుంది. పండు నలగకుండా, బరువు తప్పకుండా ఒక పేజీ చదివిన రోజున పండు తినేసి ఉత్త చేత్తో చదువు. బడిలో దీనికి చాలామంది పిల్లలు గౌన్లు పాడుచేసుకున్నారు. తల్లులు వచ్చి గొడవపెట్టారు. పిల్లలకి మాత్రం వచ్చింది.

మొదట "ఫోటోగ్రాఫ్", "ఫొటాగ్రఫర్", "ఫోటోగ్రాఫిక్" మూడూ వరసగా చదువు. బరువు ఒకటి, రెండు, మూడు అని జరుగుతుంది. రోజుకి పొద్దున పది సార్లు. తర్వాతే పుస్తకం.

రోజుకి ఎన్ని గంటలు చదవాలో లెక్క వేశాను. ఆదివారాలు తీసేస్తే నీకు ఇరవై రోజుల పైచిలుకు ఉంటాయి. సాధనకి నాలుగు రోజులు పోగా రోజుకి గంటా ఇరవై నిమిషాలు. గొంతు పాడవకుండా చదవగలిగినంతే. భయపడాల్సిన లెక్క కాదు.

అమ్మమ్మ


రికార్డింగు గది
సెప్టెంబరు 5

అమ్మమ్మా,

మొదటి రోజు మూడు పళ్ళు నలిగాయి. రెండో రోజు రెండు. చెవులక్క గది దాటుతూ ఆగి, ముక్కు ఎగబీల్చి, "లోపల చదువా, ఫలహారమా?" అంది. విషయం చెప్పాను. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. "మీ అమ్మమ్మని ఒకసారి చూడాలి" అంది. "నేను కూడా" అన్నాను. అని, నాకే ఆశ్చర్యం వేసింది.

మూడో రోజు ఏం జరిగిందో నీకు చెప్పాలి. "ఫోటోగ్రాఫిక్" అంటున్నాను. వేలు లేవబోయి ఆగిపోయింది. ఆ లేవబోయిందేదో గొంతులోకి వెళ్ళింది. మాట మధ్యలో ఎత్తయి మళ్ళీ దిగింది. బల్ల నిశ్శబ్దంగా ఉంది. నేను గదిలో ఒక్కదాన్నే ఉండి, "వచ్చింది" అన్నాను. అది కూడా రికార్డయింది. దాన్ని తీసెయ్యనని చెవులక్క ఒక పూట ఏడిపించింది.

ఇవాళ అయిదో తేదీ. ఇరవై రెండు గంటలూ పూర్తి చేశాను. చెవులక్క మొత్తం విన్నది. మేడం ముందు ఆవిడ ఇచ్చిన నివేదిక యథాతథంగా: "తలుపు తీశారు. అమ్మాయి లోపలికొచ్చింది. తొమ్మిదో పాఠంలో మాత్రం మళ్ళీ గడప దగ్గరికెళ్ళి నిలబడింది." తొమ్మిదో పాఠం చివరి రోజుల్లో, గొంతు అరిగిపోయి ఉండగా చదివాను. బరువులు సగం తప్పాయి. అది మళ్ళీ చదవాలి. మేడం, "ఉంచుకుంటాం. కానీ" అన్నారు. ఈసారి ఆ "కానీ" నిజం కానీయే. ఇంకో నెల పరీక్షగా చూస్తారట. రెండో పుస్తకం భూగోళశాస్త్రం. అందులో ఉన్న మాటలు చూస్తే నీకు పండగే.

ముందు పని అన్నావు. పని అయింది. మిగతా విషయం రాస్తానన్నావు కదా, రాయి అమ్మమ్మా. ఏం రాసినా సరే. నువ్వు రాయకపోతే నేను ఇంకో పదమూడేళ్ళు గుమ్మం దగ్గరే నిలబడాలి.

మనవరాలు


ఇంటి వెనక గది
సెప్టెంబరు 12

నా మనవరాలికి,

రాస్తున్నాను. ఇది నాలుగో చిత్తు. మొదటి మూడింట్లో నన్ను నేను సమర్థించుకున్నాను కనక చింపేశాను.

నేను పాఠం చెప్పిన ప్రతి పిల్లకీ ఒక పుస్తకం ఉంది. నీదీ ఉంది. ఆ రోజు పద్దు ఇలా రాశాను: "ఫొటాగ్రఫర్. ఆరుసార్లు తప్పు, ఏడోసారి ఒప్పు. రేపు మూడో మెట్టు." మర్నాటి పద్దు: "రాలేదు. కారణం తెలియదు." ఆ తర్వాత నలభై ఒక్క రోజులు "రాలేదు" అని రాశాను. రోజూ సాయంత్రం అయిదింటికి బల్ల సర్ది, రెండు పెన్సిళ్ళు చెక్కి, అయిదున్నరకి ఆ మాట రాసేదాన్ని.

"కారణం తెలియదు" అన్నది అబద్ధం. వంటింట్లో ఆ మాట అంటూ ఉండగా గుమ్మం దగ్గర నీ పాదాలు కనపడ్డాయి. కనపడ్డాక కూడా వాక్యం పూర్తి చేశాను. పక్కింటి పిల్ల సంగతి నీ పాదాలు చూశాక అన్నదే. పరుగున వచ్చి నీ చెయ్యి పట్టుకుని ఉండవచ్చు. పిల్లకి పౌరుషం వస్తే చదువు వస్తుందనుకుని పొయ్యి మీది గిన్నె దించుకున్నాను.

ఏడోసారి ఒప్పు అని నా చేత్తో రాసి, గంట తిరక్కుండా మొద్దు అన్నాను. పదకొండేళ్ళ పిల్ల ఆరుసార్లు పడి ఏడోసారి లేస్తే దాన్ని మొద్దు అనరు. ముప్పై నాలుగేళ్ళు టీచర్నై ఉండి నాకు ఆ మాత్రం తెలియాలి. నేనన్నది తప్పు.

రెండో తప్పు ఈ మధ్యది. జూన్ నాలుగో తేదీ ఉత్తరంలో నీకు రెండు మెట్లు చెప్పి, "మిగతాది నీకు తెలిసిందే" అని రాశాను. నీకు తెలియదని నాకు తెలుసు. మూడో మెట్టు అని రాస్తే, అది నీకు ఎందుకు అందలేదో కూడా రాయాల్సి వస్తుంది. అందుకని ఆ వాక్యం వేసి దాటేశాను. నువ్వు ఇరవై రెండు గంటలు బల్ల తట్టడానికి కారణం నీ వేలు కాదు, నా వాక్యం. నీ ఉద్యోగం పోయేదాకా వచ్చింది.

నన్ను క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. అడుగుతున్నాను. వెంటనే జవాబు ఇవ్వనక్కర్లేదు.

ఇక జరగవలసినవి:

1. తొమ్మిదో పాఠం ఈ నెల ఇరవైలోగా మళ్ళీ చదవాలి. పొద్దుటి పూట, గొంతు తాజాగా ఉన్నప్పుడు. రోజుకి నలభై నిమిషాలు మించకూడదు.

2. చెవులక్కకి నా నమస్కారం చెప్పాలి. "వచ్చింది" అని నువ్వన్న ముక్క ఆవిడ దగ్గర ఇంకా ఉంటే, తీసెయ్యవద్దని చెప్పాలి. నాకు వినాలని ఉంది.

3. భూగోళశాస్త్రం పుస్తకంలో మొదటి యాభై పేజీలు నాకు పంపాలి. గీతలు నేను గీస్తాను. బరువు ఎక్కడో గుర్తు పెట్టడం నీ పని. నేను పెట్టను.

4. నువ్వు పాఠాలు ఎందుకు మానేశావో మీ అమ్మకి నేను చెప్పాలి. తను నిన్ను ఇన్నేళ్ళూ బద్ధకస్తురాలివని అంది. ఆదివారం వస్తుంది, చెప్తాను.

5. నీ పుస్తకంలో ఆ తప్పుడు పద్దు దిద్దాలి. "కారణం తెలియదు" కొట్టేసి, పైన కారణం రాసి, నేను సంతకం పెట్టాను. మా బడి నియమం ప్రకారం దిద్దిన చోట ఇద్దరి సంతకాలు ఉండాలి. రెండోది నీది, దానికి జాగా వదిలాను.

6. ఆ సంతకం పోస్టులో పంపితే చెల్లదు.